చీర ఉయ్యాల మాన్పించాలా, వద్దా?

కూకట్‌పల్లి_కోడలు: పాపకు ఏడో నెల. చీర ఉయ్యాల్లో ఊపితే తప్ప పడుకోదు, ఊపడం ఆపగానే కళ్ళు తెరుస్తుంది. రాత్రి రెండింటికీ నాలుగింటికీ ఇదే వరస. 26 వారాల సెలవు అయిపోయింది, పైన పెట్టిన సెలవులూ అయిపోయాయి. వచ్చే వారం ఆఫీసు. బల్లపరుపుగా ఉండే పరుపు మీద పడుకోబెట్టమని డాక్టరు గారంటే అత్తయ్య ఒప్పుకోవడం లేదు. మాన్పించినవాళ్ళు ఎలా చేశారో చెప్పండి.

గోదారి_పెద్దమ్మ: మాన్పించడం ఎందుకమ్మా? నేనూ, నా పిల్లలూ, మనవలూ అందరం చీరలోనే పెరిగాం. నలుగు పెట్టి నీళ్ళు పోసి, సాంబ్రాణి వేసి ఉయ్యాల్లో వేస్తే మూడేసి గంటలు కదిలేవారు కాదు.

డాలస్_నాన్న: పెద్దమ్మగారూ, ఇబ్బంది చీరతో కాదు, దాని వంపుతో. అందులో పడుకున్న పిల్ల తల ముందుకు వాలి గడ్డం ఛాతీకి ఆనుతుంది. పసిపిల్లల శ్వాసనాళం అసలే సన్నం, అలా మడత పడితే గాలి సరిగా ఆడదు. మెడ నిలవని నెలల్లో మరీ ప్రమాదం. ఏడో నెలలో ఇంకోటి: బోర్లా పడుతుంది, పైకి లేవబోతుంది, జారిపడొచ్చు, చీర మెడకు చుట్టుకోవచ్చు. గట్టి పరుపు, వంపూ వాలూ లేకుండా, వెల్లకిలా పడుకోబెట్టమని ఇక్కడి పిల్లల డాక్టర్ల సంఘం, అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్, 2022లో మళ్ళీ చెప్పింది. 10 డిగ్రీలు మించి వాలుండే పసిపిల్లల పడకలను ఇక్కడ అమెరికాలో అదే ఏడాది చట్టం చేసి నిషేధించారు. వెల్లకిలా పడుకోబెట్టమని 1994లో ప్రచారం మొదలుపెట్టాక, నిద్రలో హఠాత్తుగా పోయే పసిపిల్లల మరణాలు సుమారు సగానికి తగ్గాయి.

గోదారి_పెద్దమ్మ: చీరలోనూ వెల్లకిలానే కదా వేసేది? బోర్లా ఎవరు వేశారు?

డాలస్_నాన్న: వంపు గురించి చెప్పానండీ.

గోదారి_పెద్దమ్మ: వెల్లకిలా అన్నావు, వెల్లకిలానే వేస్తున్నాం అన్నాను.

కరీంనగర్_అక్క: మరి ఆవాల దిండు? తల గుండ్రంగ రావాల్నని మా అమ్మ పెట్టింది. అది గూడ వద్దంటరా?

డాలస్_నాన్న: ఏడాదిలోపు ఏ దిండూ వద్దు. తల ఆకారం కోసం అమ్మే దిండ్లు వాడొద్దని 2022లోనే ఇక్కడి ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరించింది. మెలకువగా ఉన్నప్పుడు దగ్గరుండి కాసేపు బోర్లా వేసి ఆడించండి, చాలు.

పులిహోర99: మా ఇంట్లో రాగుల దిండు. చల్లగా ఉంటుంది.

గోదారి_పెద్దమ్మ: రాగులు పురుగు పడతాయి. ఆవాలే మేలు.

కూకట్‌పల్లి_కోడలు: దిండు సంగతి తర్వాత. నేనడిగింది ఉయ్యాల గురించి.

డాలస్_నాన్న: సరే, మేం చేసింది చెప్తాను. ఆరు నెలలు నిండాక మావాణ్ణి వేరే గదిలో క్రిబ్‌లో, అంటే కటకటాల తొట్టిమంచంలో, వేశాం. ఏడిస్తే వెంటనే ఎత్తుకోకుండా కాసేపు ఆగి వెళ్ళేవాళ్ళం. వారం తిరిగేసరికి వాడంతట వాడే పడుకోవడం మొదలుపెట్టాడు.

గోదారి_పెద్దమ్మ: ఏడ్చే బిడ్డను వదిలి తలుపేసుకోవడం కూడా పెంపకమేనా? దగ్గర అమ్మ లేకపోతే ఇలాంటి బుద్ధులే పుడతాయి.

డాలస్_నాన్న: మా అమ్మ వచ్చిందండీ. వీసా మీద ఉన్న ఆరు నెలలూ ఊపింది. ఆవిడ విమానం ఎక్కిన రాత్రి నుంచి ఊపింది నేనూ నా భార్యా. తను నిద్రలేక జ్వరపడింది. అలవాటు చేసేది మీరు, అనుభవించేది మేము.

గోదారి_పెద్దమ్మ: అనుభవించేది మీరా? కోడలు ఆఫీసుకు వెళ్ళాక పగలంతా పిల్లతో ఉండేది ఎవరు నాయనా? ఈ మోకాళ్ళతో నేల మీద కూర్చుని గంటసేపు జోకొట్టలేను. ఉయ్యాలైతే తాడు కాలికి చుట్టుకుని కూరలు తరుక్కుంటూ ఊపుతాను. మీ అకాడమీ వాళ్ళు నా కూరలు తరుగుతారా? నా కొడుకు మాత్రం పొద్దున్నే మీటింగ్ అని పక్కగదిలో తలుపేసుకుంటాడు.

పిల్లలవార్డు_నర్సు: ఇన్ని పోస్టుల తర్వాత అసలు విషయం బయటికొచ్చింది. అమ్మాయీ, మగతగా ఉండగానే, పూర్తిగా నిద్రపోకముందే పరుపు మీద వెయ్యి. స్నానం, పాలు, లైటు తగ్గించడం, పాట, రోజూ ఒకే వరసలో సాగనివ్వు. ఏడిస్తే ఎత్తుకో, తప్పేం లేదు. కానీ మళ్ళీ పరుపు మీదే వెయ్యి. ఈ వయసుకు పగలూ రాత్రీ కలిపి 12 నుంచి 16 గంటల నిద్ర అని ప్రపంచ ఆరోగ్య సంస్థ (డబ్ల్యూహెచ్‌వో) 2019లో చెప్పింది. మధ్యలో లేవడం రోగం కాదు. పగలు ఉయ్యాల్లో కునుకు పడితే తీసి పరుపు మీదికి మార్చాలి, అందాకా పక్కనే మనిషి ఉండాలి. సాంబ్రాణి పొగ కూడా పిల్లకు దూరంగా ఉంచండి.

గోదారి_పెద్దమ్మ: సాంబ్రాణి కూడా వద్దా!

కూకట్‌పల్లి_కోడలు: మా అత్తయ్యదీ ఇదే బాధ. పగలు చూసేది తను, రాత్రి లేచేది నేను. 50 మంది, ఆపైన ఉద్యోగులుంటే ఆఫీసు వాళ్ళు పిల్లల్ని చూసుకునే క్రెష్ ఏర్పాటు చేయాలని చట్టముంది, మా దగ్గర లేదు. ఇన్నాళ్ళూ ఆయన్ని ఎవరూ ఏమీ అడగలేదు, నేనూ అడగలేదు. ఇవాళ అడిగాను. రెండింటి వంతు ఆయనది, పరుపు మీదే. పగలు తీసి మార్చడానికి అత్తయ్య సరేనన్నారు, వంగి పడుకోబెట్టడం కష్టంగా ఉందని పరుపు మంచం మీద వేయమన్నారు.

పిల్లలవార్డు_నర్సు: మంచం మీద వద్దమ్మా, దొర్లి పడుతుంది. కటకటాలున్న తొట్టిమంచం చూడండి, అడుగుభాగం ఎత్తు మార్చుకునేది.

డాలస్_నాన్న: పగలైనా ఉయ్యాల ఎందుకు మరి? వంపు పగలూ వంపే కదా.

గోదారి_పెద్దమ్మ: నువ్వొచ్చి జోకొట్టు నాయనా, తీసేస్తారు.