సాలార్‌జంగ్ గడియారం ముందు నాకేమీ అనిపించలేదు. ఇది వయసేనా?

మలక్‌పేట తాతయ్య:
పోయిన ఆదివారం మా మనవడిని సాలార్‌జంగ్ మ్యూజియానికి తీసుకుపోయాను. వాడికి ఆరేళ్లు. పన్నెండు కొట్టేది చూపిద్దామని పదకొండున్నరకే పోయి మ్యూజికల్ క్లాక్ ముందు చోటు పట్టుకున్నాం. టైం దగ్గరపడేసరికి హాలంతా జనం. గడ్డం బొమ్మ బయటికొచ్చి పన్నెండు సార్లు గంట కొట్టి లోపలికి పోయింది. కొట్టిన ప్రతిసారీ మావాడు నా చెయ్యి గట్టిగా నొక్కుతున్నాడు. నేనేమో పార్కింగ్ టోకెన్ ఏ జేబులో పెట్టానా అని తడుముకుంటున్నాను.

మ్యూజియం ఇప్పుడున్న భవనంలోకి 1968లో మారింది. ఆ తర్వాత రెండేళ్లకు మా నాన్న భుజాలెక్కి ఇదే బొమ్మను చూశాను. వారం రోజులు ఇంట్లో ఇత్తడి పళ్లెం మీద గంటలు కొట్టి అమ్మ చేత తిట్లు తిన్నాను. ఆ పిల్లోడు ఎటు పోయాడు? రెబెక్కా బొమ్మ దగ్గరా అంతే. పాలరాయిలో అంత పల్చటి ముసుగు చెక్కితే, "బాగుంది" అనుకుని ముందుకు నడిచాను.

బయటికొస్తుంటే వాడు అడిగాడు: "తాతా, రాత్రి ఎవ్వరూ లేనప్పుడు కూడా ఆ గడ్డం తాత బయటికొస్తాడా?" "ఏమోరా, పద, ఆకలైతలేదా?" అన్నాను. ఇంటికొచ్చాక ఆ మాటే ముల్లులా గుచ్చుతోంది. మా ఆవిడైతే షుగర్ చెక్ చేయించుకోమంటోంది. మీకూ ఇట్లాగే ఉందా?

నల్లకుంట టీచర్:
నాకు 54, సార్. నాకైతే ఉల్టా. మన ఊళ్లో ఏడాదికి రెండుసార్లు, మే 9, ఆగస్టు 3 ప్రాంతంలో, మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తి మీదికొస్తాడు. ఆగస్టులో మబ్బులు పడనివ్వవు. మేలో మాత్రం వీధి పిల్లల్ని మా డాబా మీదికి పోగేసి ఒక స్టీలు గ్లాసు బోర్లిస్తాను. 12 గంటల 12 నిమిషాలకు దాని నీడ మాయం. పిల్లలు "హే!" అని అరిచి, కాళ్లు కాలుతున్నాయని కిందికి పరిగెడతారు. నేనే ఇంకాసేపు నిలబడతాను. హైదరాబాద్ అక్షాంశం 17.4 డిగ్రీలు అని ఇన్నేళ్లు బోర్డు మీద రాశాను కదా, ఆ అంకె నా డాబా మీదే ఉన్నట్టుంటుంది. ఆరేళ్లప్పుడు చూసుంటే నాకు ఎండ ఒక్కటే గుర్తుండేది.

దుర్గంచెరువు బైకర్:
అంకుల్, వయసు మీదికి తోసేయకండి. నాకు 34. రోజూ ఆఫీసుకు పోయే దారిలో కనిపించే గ్రానైట్ గుట్టలు సుమారు 250 కోట్ల ఏళ్ల నాటివి. ఆరేళ్లలో ఒక్కసారీ బండి ఆపలేదు. స్టాండప్ మీటింగ్ టెన్షన్ ముందు 250 కోట్లేంటి!

అమెరికాలో పెద్దవాళ్ల మీద చేసిన ఒక పరిశోధన గురించి చదివాను, 2020లో వచ్చింది. ఎనిమిది వారాల పాటు, వారానికి 15 నిమిషాలు నడవాలి. కొందరికి మాత్రం చుట్టూ ఉన్నవి కొత్తగా చూస్తూ నడవండి అని చెప్పారు. వాళ్లు తీసుకున్న సెల్ఫీల్లో వారం వారం మొహం చిన్నదై, వెనకున్న దృశ్యం పెద్దదవుతూ వచ్చిందట. మా నాన్న సెల్ఫీల్లో ఇంకా ముక్కే కనిపిస్తుంది, అది వేరే సంగతి.

వాచీల భాయ్, సికింద్రాబాద్:
అన్నా, నేను 31 ఏళ్ల నుంచి వాచీలు, గోడ గడియారాలు రిపేరు చేస్తున్న. బొమ్మ బయటికి రావడం నాకూ వింత కాదు. ఎన్ని కొట్టాలో దానికెట్ల తెలుసు? అది ఆలోచించండి. గంటలు కొట్టే గడియారాలు చాలావాటిలో నత్తగుల్ల ఆకారం బిళ్ల ఒకటుంటది, మేం స్నెయిల్ అంటం. దానికి 12 మెట్లు. టైం అయ్యేసరికి ఒక పళ్ల పట్టీ వచ్చి ఆ మెట్టు మీద పడతది. మెట్టు ఎంత లోతుంటే అన్ని పళ్లు, అన్ని దెబ్బలు. దానికి లెక్క రాదు, లోతు తెలుసు అంతే. ఒకటి నుంచి పన్నెండు దాకా కూడితే 78, అంటే రోజుకు 156 దెబ్బలు. మొదటిసారి ఒకటి విప్పి చూసినప్పుడు నాకు 29 ఏళ్లు. ఆ రోజు అన్నం తినబుద్ధి కాలే. మనవడిని ఒకసారి షాపుకు తీసుకురండి, విప్పి చూపిస్త.

మలక్‌పేట తాతయ్య:
టీచరమ్మా, వచ్చే మేలో మా డాబా మీదా గ్లాసు పెడతాను. బైకర్ బాబూ, రేపు ఒక్కసారి బండి ఆపు, నా మాట విను. వాచీల భాయ్, శనివారం వస్తున్నాం.

ఒకటి చెప్పాలి. నిన్న రాత్రి బాత్రూంకి లేచాను. ఫోన్‌లో చూస్తే ఒంటిగంటకు రెండు నిమిషాలు తక్కువ. మళ్లీ పడుకోకుండా మంచం మీద కూర్చుని ఆగాను. ఒంటిగంట అయింది. మూసీ పక్కన, దీపాలార్పేసిన ఆ హాల్లో, ఖాళీ కుర్చీల ముందు గడ్డం తాత బయటికొచ్చాడు. ఒక్కటే కొట్టాడు. మా ఆవిడ "ఏమైంది, షుగరా?" అంది.