‘ఒంటిగంటకు వస్తాను’ అంటాం, ‘ఒక గంటకు వస్తాను’ అని ఎందుకు అనం?

సభ్యులందరికీ నమస్కారం. కొన్ని రోజులుగా ఒక మాట నన్ను పట్టుకుని వదలడం లేదు. అందుకే మీ ముందు పెడుతున్నాను. ఆ మాట ఒంటిగంట.

ఈ మధ్యే ఇల్లు మారాం. కొత్త ఇంటికి రెండు వీధుల అవతల గంటస్తంభం ఒకటి ఉంది. పగలు బండ్ల చప్పుడులో అది ఉన్నట్టే తెలియదు. రాత్రయితే మాత్రం ప్రతి దెబ్బా మంచం దగ్గరికి వచ్చి వినపడుతుంది. గంట గంటకూ ఎన్ని కొట్టాలో అన్ని కొడుతుంది. అరగంటకు ఒక్కటి కొడుతుంది.

మొదటి వారంలో ఒక రాత్రి మెలకువ వచ్చేసింది. లైటు వేస్తే అందరూ లేస్తారని అలాగే పడుకున్నాను. ఇంతలో ఠంగుమని ఒక్క దెబ్బ. టైం ఎంతయి ఉంటుంది? అది ఏ అరగంటయినా కావచ్చు, ఒంటిగంటయినా కావచ్చు. సరే, ఇంకోసారి మోగేదాకా చూద్దామని చెవులు రిక్కించుకుని ఉన్నాను. చాలాసేపటికి మళ్లీ ఒక్కటే మోగింది. ఇప్పుడు కొంత తేలింది, కొంత తేలలేదు. మొదటిది పన్నెండున్నర అయితే ఇది ఒంటిగంట. మొదటిదే ఒంటిగంట అయితే ఇది ఒకటిన్నర. ఇంక నిద్రెక్కడిది. మూడోసారి రెండు దెబ్బలు పడ్డాయి. అప్పుడు తెలిసింది, నేను మొట్టమొదట విన్నది ఒంటిగంట అని.

ఆ చీకట్లో ఆ మాటను పెదవులతో అనుకున్నాను. ఒంటి గంట. నలభై ఏళ్లుగా అంటున్న మాట. దాని లోపల ఒక్కటే మోగి ఆగిపోయిన గంట ఉందని అప్పుడే వినపడింది.

ఇక నా ప్రశ్న. ‘గంట’ అనే ఒకే మాటతో మనం రెండు పనులు చేస్తాం. ఒకటి, గడిచిన కాలం చెప్పడం: ఒక గంట పట్టింది, గంటసేపు కూర్చున్నాం, గంటలో వస్తాను. రెండోది, గడియారంలో వేళ చెప్పడం: ఒంటిగంటకు వచ్చాడు, ఒంటిగంట దాటింది. మొదటి పనికి ‘ఒంటి’ రాదు. ‘ఒంటిగంట పట్టింది’ అని ఎవరూ అనరు. రెండో పనికి ‘ఒక’ రాదు. తెలుగులో పుట్టి పెరిగినవాళ్లెవరూ ఇందులో తప్పు చేయరు, ఎవరూ నేర్పకపోయినా.

రెండు నుంచి ఈ తేడా మాటలో కనిపించదు. మూడు గంటలు పట్టింది, మూడు గంటలకు వచ్చాడు. విభక్తి మారింది తప్ప ‘మూడు’ మారలేదు. ఒకటి దగ్గరే ఎందుకు మారుతుంది?

నాకు తోచింది చెబుతాను, తప్పయితే సరిదిద్దండి. వేళ చెప్పే ‘గంట’ అసలు కాలం పేరు కాదు, దెబ్బ పేరు. మూడు గంటలంటే మూడుసార్లు మోగింది అని. ఒంటిగంటంటే ఒంటరిగా ఒక్కసారి మోగింది అని. కాలాన్ని కొలిచినవాడి మాట కాదది, వీధిలో ఉండి విన్నవాడి మాట.

*

ఒక సభ్యురాలు: బాగుందండీ. చిన్నప్పటి నుంచి నాకొక అనుమానం. ‘ఒంటి’ అంటే ఒళ్లు కదా, ‘ఒంటికి నూనె’ అంటాం. ఇది ఆ ఒంటి కాదా?

నా జవాబు: కాదమ్మా. రెండూ పలకడానికి ఒకటే గానీ వేర్లు వేరు. ఒళ్లు విభక్తి ముందు ‘ఒంటి’ అవుతుంది. ఇల్లు ఇంటి, కన్ను కంటి, పన్ను పంటి అయినట్టే. మన ఒంటిగంటలోది సంఖ్య. పాత తెలుగులో ఒకటిని ‘ఒండు’ అని కూడా అనేవారు. రెండు ‘రెంటి’ అయినట్టు ఒండు ‘ఒంటి’ అయింది. ‘రెంటికీ చెడ్డ రేవడి’ అంటామే, ఆ రెంటికి ఈ ఒంటి తోబుట్టువు. ఒండు అనే మాట వాడుకలోంచి పోయింది. దాని బిడ్డ మాత్రం ఒంటరి, ఒంటికాలు, ఒంటిచేత్తో, ఒంటిపూట లాంటి చోట్ల తలదాచుకుని బతుకుతోంది.

ఆ మాటలన్నీ వరసగా చదవండి. ‘ఒక కాలు’ అంటే లెక్క. ‘ఒంటికాలు’ అంటే జత లేని కాలు. ఇంకొకటి ఉండవలసిన చోట ఒక్కటే ఉంటే దాన్ని ఒంటి అంటాం. పన్నెండు దెబ్బలు విన్న చెవికి, తర్వాతి గంటకు ఒక్కటే మోగి ఊరుకుంటే ఎలా ఉంటుందో ఆలోచించండి.

*

మరో సభ్యుడు: మీరన్నది సగమే ఒప్పుకుంటాను. మామూలు మాటల్లో మేం ‘మూడు గంటలకు’ అనం, ‘మూడింటికి’ అంటాం. అందులో గంటే లేదు కదా?

నా జవాబు: ఇది అడిగినందుకు చాలా సంతోషం, నేను రాయడం మర్చిపోయాను. రెండింటికి, మూడింటికి, పదింటికి, పన్నెండింటికి. ఆ ‘ఇంటి’ ఇల్లు కాదు, సంఖ్య విభక్తికి ముందు వేసుకునే రూపం. రెండు నుంచి పన్నెండు దాకా గంటను వదిలేసి ఒట్టి సంఖ్యతో పని జరిపేయగలం. ఒకటి దగ్గర అది కుదరదు. ‘ఒకటింటికి’ అని లేదు. కాబట్టి అక్కడ గంట అలాగే నిలబడిపోయింది. పదకొండు చోట్ల గంటను మింగేసిన నోరు ఒక్క చోట మాత్రం పూర్తిగా పలకక తప్పడం లేదు.

ఇంకా ఒకటి చూడండి. అర చేరగానే ఒంటి పోతుంది. 1.30ని ‘ఒకటిన్నర’ అంటాం. ‘గంటన్నర’ అంటే మళ్లీ అది వేళ కాదు, తొంభై నిమిషాల కాలం. ‘ఒకటిన్నరకు వెళ్లి గంటన్నర ఉన్నాను’ అనే వాక్యంలో రెండు ‘అన్నర’లూ ఎంత దూరం దూరంగా ఉన్నాయో! తెలుగు కొత్తగా నేర్చుకునేవాళ్లు ఇక్కడ తడబడటం సహజం.

రాతలో కూడా ఇదే. ‘మధ్యాహ్నం 1 గంటకు’ అని అచ్చులో ఉంటే మనం పైకి ‘ఒంటిగంటకు’ అనే చదువుతాం. ‘1 గంట సేపు’ అని ఉంటే ‘ఒక గంట సేపు’ అంటాం. కళ్లకు కనిపించేది ఒకే అంకె, నోటికి వచ్చేవి రెండు మాటలు. నా ఫోన్‌లో పైకి చదివి వినిపించే గొంతుకు ఇది ఇంకా పట్టుబడలేదు. మొదటిదాన్ని ‘ఒకటి గంటకు’ అని చదివింది. విన్న వెంటనే ఇది తెలుగు చెవి కాదని తెలిసిపోయింది.

*

ఇంకొక సభ్యుడు: గంట కంటే ముందు మనకు ఘడియ ఉండేది కదా. దాని సంగతేమిటి?

నా జవాబు: అవునండీ. రోజుకు 60 ఘడియలు, ఒక్కో ఘడియ 24 నిమిషాలు. రెండున్నర ఘడియలైతే మన గంట. ఘడియ సంస్కృతం ‘ఘటిక’ నుంచి వచ్చింది. ఘటిక అంటే చిన్న కుండ. అడుగున సన్నని చిల్లు పెట్టిన గిన్నెను నీళ్ల మీద వదిలేవారు. నీరు మెల్లగా ఎక్కి అది మునిగేసరికి ఒక ఘడియ. మునగగానే కాపలా ఉన్న మనిషి లోహపు పళ్లెం మీద కొట్టి అందరికీ తెలియజేసేవాడు.

నాకు అన్నిటికంటే ఇష్టమైన సంగతి ఇక్కడుంది. ఆ గిన్నె ముందు కూర్చున్న మనిషికి కాలం కనిపించేది, నీళ్లు ఎక్కుతూ. వీధుల్లో ఉన్నవాళ్లకు గిన్నె కనిపించదు, చప్పుడే వినపడుతుంది. కొలిచేవాడి వైపు నుంచి కాలానికి కుండ పేరు వచ్చింది. వినేవాళ్ల వైపు నుంచి గంట పేరు వచ్చింది. ‘గంట’ కూడా సంస్కృతం ‘ఘంటా’ నుంచి వచ్చినదే, కానీ దాన్ని కాలానికి పెట్టింది చెవులు. ఇప్పుడు కొలత పేరు శుభఘడియలకూ, ‘ఏ ఘడియలో పుట్టాడో’ అనుకోవడానికీ, ‘గడియారం’లో దాక్కోవడానికీ మిగిలింది. రోజంతా నోట్లో నలిగేది మాత్రం విన్నవాళ్ల మాటే.

మా కొత్త వీధిలోనే ఆ స్తంభానికి రెండు పేర్లున్నాయి. అటువైపు ఇళ్లవాళ్లు గడియార స్తంభం అంటారు, వాళ్లకు ముళ్లు కనిపిస్తాయి. మా వైపు నుంచి చూస్తే మేడలు అడ్డం. మేం గంటస్తంభం అంటాం.

*

ఒక సభ్యురాలు: హిందీలో ‘ఏక్ బజే’ అంటారు. అది కూడా మోగడమే కదండీ?

నా జవాబు: అదేనండీ. బజ్‌నా అంటే మోగడం. ‘తీన్ బజే’ అంటే మూడు మోగినప్పుడు. వాళ్లు వేళకు క్రియను వాడుకుని, గడిచిన కాలానికి ‘ఘంటా’ను ఉంచుకున్నారు. తమిళంలో ‘మణి’ అంటే గంటే. వేళకు ‘ఒరు మణిక్కు’ అని, కాలానికి ‘ఒరు మణి నేరం’ అని నేరం చేర్చి వేరు చేశారు. కన్నడిగులు వేళకైనా కాలానికైనా ‘ఒందు గంటె’తోనే సరిపెట్టుకుంటారు. ఇంగ్లీషు ‘క్లాక్’ కూడా గంట అనే అర్థమున్న లాటిన్ ‘క్లొక్కా’ నుంచి వచ్చినదే. జర్మన్‌లో ‘గ్లొకె’ అంటే ఇప్పటికీ గంటే. ఇన్ని చోట్ల కాలం ముందు చెవిన పడి తర్వాతే కంటికి కనిపించిందన్నమాట. అయితే ఒక్కటి మోగితే దానికి ప్రత్యేకంగా ‘ఒంటి’ అని పెట్టుకున్నది, ఈ నాలుగైదు భాషల్లో, మనమే. అది నాకు ఎంతో ముద్దుగా ఉంది.

*

మరో సభ్యుడు: పనిలో పని, ‘ఘంటాపథంగా చెప్పగలను’ కూడా ఈ గంటేనా?

నా జవాబు: గంట ఇదే, దారి వేరు. ఘంటాపథం అంటే రాజమార్గం, పెద్ద దారి. పాత సంస్కృత నిఘంటువు అమరకోశంలో దారుల పేర్లలో కనిపిస్తుంది. గంటలు కట్టిన ఏనుగులు నడిచే దారి అని వివరిస్తారు. సంస్కృత కవి భారవి రాసిన ‘కిరాతార్జునీయం’ కావ్యానికి మల్లినాథుడు రాసిన వ్యాఖ్యానం పేరు కూడా ఘంటాపథమే, కష్టమైన కావ్యంలోకి వేసిన రాచబాట అన్న అర్థంలో. తెలుగులో మనం దారిని వదిలేసి గంటను పట్టుకున్నాం. గంట కొట్టినట్టు గట్టిగా, అందరికీ వినపడేలా చెప్పడం అనే అర్థం స్థిరపడింది. దీన్ని తప్పు అనను. ఇక్కడ కూడా మన చెవే గెలిచింది. రాసేటప్పుడు మాత్రం ‘ఘ’ ఉంచితే బాగుంటుంది, పథం సంస్కృతం కాబట్టి.

*

‘మూడింటికి’ సంగతి అడిగిన సభ్యుడు మళ్లీ: ‘ఒంటి’ పాత రూపం కాబట్టి మిగిలిపోయింది, అంతే అనుకోవచ్చుగా. దెబ్బ అనే అర్థం మీరు ఎక్కించి చదువుతున్నారేమో?

నా జవాబు: న్యాయమైన అభ్యంతరం. రెండు రోజులు ఆలోచించాను. పాత రూపం మిగిలిపోవడమే కారణమైతే కాలం చెప్పేటప్పుడు కూడా మిగలాలి కదా? ‘ఒంటిగంట ప్రయాణం’ అనాలి. అనం. ‘గంట ప్రయాణం’ అంటాం, అక్కడ సంఖ్య కూడా అక్కర్లేదు. గడిచిన కాలం కొలత గనుక దానికి ‘ఒక’ చాలు. మోగిన దెబ్బ వస్తువులాంటిది. ఒంటరిగా ఉండగలిగేది అదే. ‘గడియారం పన్నెండు కొట్టింది’ అనే మాట ఇంకా బతికే ఉంది. కొట్టింది కాలాన్ని కాదు, పన్నెండు గంటల్ని. ఇది రుజువు అని పట్టుబట్టను. కానీ వీధిలోని గంటను రాత్రిపూట లెక్కపెడుతూ పడుకున్నాక నాకు ఇంకోలా వినపడటం లేదు.

కాగితం తీసుకుని లెక్క కూడా వేశాను. ఒకటి నుంచి పన్నెండు దాకా కూడితే 78 దెబ్బలు. అరగంటలవి 12 కలిపితే 90. రోజుకు 180. వీటిలో ఒంటరిగా మోగేవి 26. ఆ 26లో ఒంటిగంట అనిపించుకునేవి రెండే, పగలొకటి, రాత్రొకటి. మిగిలిన 24 అరగంటలవి.

ఆ 24 దెబ్బలకు మనకు పేరుందా? ‘అరగంట’ అంటే కాలమే తప్ప దెబ్బ కాదు. అరగంటకు మోగే ఆ ఒక్క దెబ్బను మీ ఇళ్లలో పెద్దవాళ్లు ఏమనేవారో గుర్తుంటే దయచేసి రాయండి. నిన్న రాత్రి కూడా విన్నాను, దాన్ని పిలవడానికి నా దగ్గర మాట లేదు.