ఫిల్లెట్‌ని ఏమందాం, క్లామ్ సాస్‌ని ఏమందాం?

వంటమాటలు:
హైదరాబాద్‌లో ఇంట్లో వండుకునేవాళ్ళ కోసం ఒక వంటకం తెలుగులో పెట్టాలి. ముల్లు లేని చేపను పెనం మీద కాల్చి, క్లామ్‌లు (రెండు పెంకుల మధ్య ఉండే నీటి జీవులు) ఉడికినప్పుడు దిగిన నీళ్ళతో చేసిన సాస్ పైన పోస్తారు. ఫిల్లెట్, క్లామ్, సాస్. ఈ మూడు మాటల దగ్గరే పని ఆగింది. అలాగే ఉంచేస్తే బజారుకి వెళ్ళినవాళ్ళు ఏమని అడగాలి? ‘చేప ముక్కలు, నత్తలు, పులుసు’ అని మార్చేస్తే వేరే వంటకమే అయిపోతుంది. ఏం చేద్దాం?

రాంనగర్ బజారు:
అక్కా, ‘ముక్కలు’ అని మాత్రం రాయకండి. ముక్కలు కొట్టమంటె అడ్డంగ కొడ్తరు, నడుమల ముల్లు అట్లనే ఉంటది. పులుసుకు అదే మంచిది, దీనికి పనికిరాదు. ఫిల్లెట్ అంటె తలకాయ కాడికెల్లి తోక దాంక వెన్నుముల్లు పక్కపొంటి కత్తి నడిపి ఒక్కో దిక్కు ఒక్కటే పొడుగు ముక్క తియ్యాలె. చాపకు రెండే వస్తయి.

మార్కెట్ల ‘బోన్‌లెస్’ అంటె అందరికి సమజైతది. కాని కొరమీను బోన్‌లెస్ అనంగనే అపోలో ఫిష్‌కు అనుకొని వేలెడంత ముక్కలు చేసిస్తరు. ‘ముల్లు తియ్యి, తోలు తియ్యి, కొయ్యకుండ పొడుగ్గనే ఉంచు’ అని ముందే చెప్పాలె. కిలో కొరమీనుకు సాఫ్ చేసినంక నాలుగొందల గ్రాముల చుట్టుపట్ల దక్కుతది, అది లెక్కల పెట్టుకోండి. తలకాయ, ముల్లు అడిగి తెచ్చుకోండి, సాస్‌ల పనికొస్తయి. బొచ్చె, రోహులతోని ఈ పని కాదు. వెన్నుముల్లు తీసినా కండ నడుమ చీలిన సన్న ముండ్లు మిగుల్తయి.

నిఘంటు ప్రియుడు:
అయితే ‘బద్ద’ ఉంది కదండీ. నిలువునా చీల్చినదాన్ని బద్ద అంటాం: వెదురుబద్ద, దబ్బకాయ బద్ద, శనగబద్ద. అడ్డంగా కోసింది ముక్క, నిలువుగా తీసింది బద్ద. ‘చెక్క’ అనికూడా అనొచ్చు, సగం అనే అర్థం దానికుంది. కానీ వంటింట్లో చెక్క అనగానే దాల్చినచెక్కో, బియ్యప్పిండి చెక్కలో గుర్తొస్తాయి.

గోదారి వంట:
చేప బద్ద. బాగుంది, వాడేయండి. పక్కనే మందం కూడా రాయండి, లేకపోతే నిమిషాల లెక్క అంతా తప్పుతుంది. రెండు సెంటీమీటర్ల మందం, 120 నుంచి 150 గ్రాముల బరువు ఉన్న బద్ద మనిషికి ఒకటి. రెండున్నర సెంటీమీటర్ల మందానికి మొత్తం పది నిమిషాల లోపు అనేది పాత లెక్క, పెనం మీద ఇంకా తక్కువే పడుతుంది. తోక వైపు సన్నగా ఉంటుంది కాబట్టి ఆ కొసని కిందకి మడిచి పెనంలో వేస్తే మందం సమానమవుతుంది.

చేపల్లో పండుగప్ప మొదటిది. కొరమీను గట్టి కండ, విరగదు. వంజరం ఆరిపోతుంది, నిమిషం ముందే దించాలి. ఫ్రీజర్‌లో దొరికే బాసా చవక, కానీ మంచు పొర బరువు కూడా ప్యాకెట్‌లో ఉంటుంది. మంచు తీసేసిన బరువు ఎంతో అట్ట మీద చూసి కొనాలి. రాత్రే ఫ్రిజ్‌లో కింది అరకి మార్చి, పొద్దున గుడ్డలో పెట్టి నీళ్ళు వత్తేయాలి. గడ్డ కరగకుండా పెనంలో వేస్తే నీళ్ళు దిగి చేప వేగదు, ఉడుకుతుంది. తిప్పబోతే చెదిరిపోతుంది.

వంటమాటలు:
బద్ద ఖాయం. క్లామ్‌కి ‘ఆల్చిప్ప’ అనుకున్నాను, ఎవరికైనా అభ్యంతరమా?

గోదారి వంట:
నాకుంది. కాకినాడ వైపు తినేవాటిని గుల్లలు అంటారు. ఆల్చిప్ప అంటే పైన పెంకు గుర్తొస్తుంది. నడుమ రాతి మీద అరగదీసి చిల్లు పెట్టి, ఆ చిల్లు అంచుతో మామిడికాయ చెక్కు తీసేవాళ్ళే, ఆ చిప్ప. అది వంట సామాను, వంటకం కాదు.

ఇంకో కారణం ముఖ్యమైంది. హైదరాబాద్‌లో ఆల్చిప్పలు అని రాస్తే ఎవరైనా చెరువు గట్టున ఏరుకొచ్చే ప్రమాదం ఉంది. ఈ జీవులు నీటిని వడగట్టుకుని తింటాయి. నీళ్ళలో మురుగు, లోహాలు, సూక్ష్మజీవులు ఏవి ఉన్నా వాటి ఒంట్లో పేరుకుంటాయి. నగరం చుట్టుపక్కల చెరువుల్లోవి ముట్టుకోవద్దని వంటకంలోనే ఒక వాక్యం పెట్టండి.

నిఘంటు ప్రియుడు:
‘గుల్ల’ సరైన మాటే. గుల్లసున్నం అంటే ఈ పెంకులు కాల్చి చేసిందే. జేబు గుల్ల, ఇల్లు గుల్ల అన్నప్పుడు లోపల ఏమీ లేదని అర్థం, ఇక్కడ మాత్రం లోపల ఉన్నదే మనకు కావాలి, అదొక తమాషా. ‘నత్త’ కుదరదు. నత్తకి ఒకే పెంకు, మెలి తిరిగి ఉంటుంది. గుల్లకి రెండు, తలుపుల్లా మూసుకుంటాయి. ‘శుక్తి’ పద్యాల్లో ముత్యం పుట్టడానికి పనికొస్తుంది, పెనంలోకి ఎందుకు లెండి. ఇటలీవాళ్ళు ఈ గుల్లల్ని వొంగొలే అంటారు. మన ఒంగోలుకి ఏ చుట్టరికమూ లేదు.

పొయ్యిమీద:
మూడోది నేను చెప్తాను. ‘సాస్’ని పులుసు అంటే చింతపండు నానబెడతారు, గ్రేవీ అంటే ఉల్లిపాయ, జీడిపప్పు రుబ్బుతారు. ఇందులో అసలు సరుకు గుల్లలు నోరు విప్పినప్పుడు వదిలే నీరు. దానికి ‘ఊట’ కన్నా మంచి మాట లేదు. ఆవకాయలో ఊట ఎలా దిగుతుందో అలాగే, ఉప్పుతో సహా, దానంతటది దిగుతుంది. ‘గుల్లల ఊట’ అని రాస్తే బయటి నుంచి ఎక్కువ నీళ్ళు పోయాలని ఎవరికీ అనిపించదు, సగం తప్పులు అక్కడే ఆగిపోతాయి.

ఆ ఊటని మరిగించి తగ్గించడానికి ‘ఇగర్చడం’ అనండి. ఇగురు కూర అన్నప్పటి ఇగురే.

రాంనగర్ బజారు:
మా దిక్కు ‘ఇగురం’ అంటె నేర్పు. ఇగురంగ ఇగరబెట్టుమని రాయిండ్రి, రెండు దిక్కులోల్లు ఖుష్ అయితరు.

వంటమాటలు:
రాస్తాను. ఇప్పుడు ఊట దింపే పని కొలతలతో చెప్పండి. ‘గుల్లల్ని శుభ్రం చేసుకోవాలి’ అని ఊరికే వదిలేయడం నాకిష్టం లేదు.

గోదారి వంట:
దానికి మాట ‘ఇసుక కక్కించడం’. లీటరు నీళ్ళలో 30 నుంచి 35 గ్రాముల ఉప్పు కరిగించాలి. ఇది సముద్రపు నీటి ఉప్పదనం. మంచినీళ్ళలో వేస్తే గుల్లలు కక్కవు, చస్తాయి. వెడల్పు గిన్నెలో అడుగున చిల్లుల పళ్ళెం బోర్లించి, దాని మీద గుల్లలు ఒకే వరసలో పరిచి, నీళ్ళు మునిగీ మునగనట్టు పోసి, మూత వారగా పెట్టి చీకటిగా, చల్లగా ఉన్నచోట రెండు గంటలు ఉంచాలి. ఇసుక పళ్ళెం కిందికి దిగుతుంది. తరవాత చేత్తో పైకి తీయాలి. గిన్నె వంచి నీళ్ళు పారబోస్తే కక్కిన ఇసుక మళ్ళీ వాటి మీదే పడుతుంది.

వేసేముందు ఏరాలి. పెంకు పగిలినవి తీసేయాలి. నోరు తెరుచుకుని ఉన్నదాన్ని వేలితో కొడితే మూసుకోవాలి, మూసుకోకపోతే చచ్చినట్టే, పారేయాలి. కిలో గుల్లలకు అరకప్పు నీళ్ళు పోసి మూత పెట్టి పెద్ద మంట మీద నాలుగు నుంచి ఆరు నిమిషాలు. నోరు విప్పినవాటిని విప్పినట్టే తీస్తూ ఉండాలి. చివరికీ విప్పనివి తినకూడదు. అడుగున మిగిలిన ఊటని పల్చటి గుడ్డ నాలుగు మడతలు వేసి వడకట్టాలి, ఆఖరి రెండు చెంచాలు గిన్నెలోనే వదిలేయాలి, మిగిలిన ఇసుకంతా అక్కడే ఉంటుంది. మాంసం వందా నూటయాభై గ్రాములకు మించి రాదు, అనుకున్నదాని కన్నా తక్కువే.

పొయ్యిమీద:
హైదరాబాద్‌లో బతికున్న గుల్లలు దొరకడం కష్టం. ఫ్రోజెన్ మాంసం కానీ, టిన్ను కానీ ఎక్కువ. ఆ రెండిటి దారులు వేరు. టిన్నులో ఊట ఉంటుంది, కానీ బాగా ఉప్పగా ఉంటుంది. అరకప్పు ఊటకి అరకప్పు నీళ్ళు కలిపి రుచి చూడాలి. ఫ్రోజెన్ మాంసంలో ఊట ఉండదు, దాన్ని ఎంత ఉడికించినా రాదు, మాంసం రబ్బరైపోతుంది. దానికి బదులు 200 గ్రాముల రొయ్య తలలు, పెంకులు చెంచా నూనెలో ఎర్రబడేదాకా వేయించి, 400 మిల్లీలీటర్ల నీళ్ళు పోసి పావుగంట సన్న మంట మీద ఉంచి వడకట్టండి. చేప తల, ముల్లు అయితే ఇరవై నిమిషాలు చాలు. గంటసేపు మరిగిస్తే చేదెక్కుతుంది. మొప్పలు తీసేసి వేయాలి, మర్చిపోవద్దు.

ఇక వరస. నలుగురికి 200 మిల్లీలీటర్ల ఊట. చెంచాన్నర నూనెలో ఆరు వెల్లుల్లి రెబ్బలు సన్నగా తరిగి సన్న మంట మీద వేయించాలి, రంగు రాకూడదు, మెత్తబడితే చాలు. ఎర్రబడ్డ వెల్లుల్లి చేదు ఊట మొత్తానికి పట్టేస్తుంది. చీల్చిన పచ్చిమిర్చి ఒకటి. తెల్ల వైన్ వాడేవాళ్ళు 60 మిల్లీలీటర్లు పోసి సగమయ్యేదాకా మరిగించాక ఊట పోయాలి. వాడనివాళ్ళు ఇక్కడ ఏమీ పోయక్కర్లేదు, పులుపు చివర్న నిమ్మరసం ఇస్తుంది. ఊట 120 మిల్లీలీటర్లకు ఇగిరాక మంట ఆపేసి, ఫ్రిజ్‌లోంచి అప్పుడే తీసిన ఉప్పు లేని వెన్న 20 గ్రాములు ముక్కలుగా వేస్తూ గిన్నెని గుండ్రంగా తిప్పాలి. చిక్కబడి చెంచాకి అంటుకుంటుంది. మంట మీద ఉండగా వేస్తే వెన్న విడిపోయి నూనె పైకి తేలుతుంది. అప్పుడు గుల్ల మాంసం, చెంచా నిమ్మరసం, కొత్తిమీర కాడల తరుగు. వేడెక్కితే చాలు, నిమిషం దాటొద్దు.

వంటమాటలు:
మీగడ వేస్తే?

పొయ్యిమీద:
వేయొచ్చు, 50 మిల్లీలీటర్లు. వెన్న బదులు, రెండూ కాదు. మీగడ వేశాక నిమ్మరసం పోసి మరిగిస్తే విరుగుతుంది, దించాక పిండాలి. నా మట్టుకు మీగడ గుల్లల రుచిని కప్పేస్తుంది.

నిఘంటు ప్రియుడు:
చేప దగ్గర ‘నీచు వాసన పోవడానికి నిమ్మరసం’ అని అందరూ రాస్తారు. కొరమీనుకి అది నీచు కాదు కదా?

గోదారి వంట:
మంచి మాట పట్టుకున్నారు. నీచు వేరు, బురద వాసన వేరు. నీచు సముద్రపు చేపలో ఎక్కువ. చేప పాతబడేకొద్దీ ట్రైమిథైలమైన్ అనే పదార్థం పుట్టి వస్తుంది, పులుపు తగిలితే అణుగుతుంది. చెరువు చేపలో వచ్చేది మట్టి వాసన, జియోస్మిన్ అనే పదార్థం వల్ల. నీళ్ళలో ఉండే కొన్ని నాచులు, సూక్ష్మజీవులు దాన్ని తయారుచేస్తాయి, తాజా చేపలోనూ ఉంటుంది. దాన్ని కూడా పులుపే తగ్గిస్తుంది: రాళ్ళుప్పుతో తోమి కడిగి, పుల్లటి మజ్జిగలో పదిహేను నిమిషాలు ఉంచి, మళ్ళీ కడిగి తుడవాలి. తోలు కింద నల్లటి పొర, కడుపు లోపలి పొర గీకేయడం మజ్జిగ కన్నా ఎక్కువ పనిచేస్తుంది. నీచు బాగా కొడుతుంటే మాత్రం మజ్జిగ కాదు, ఆ చేప కొనకపోవడమే.

రాంనగర్ బజారు:
తుడవాలె అన్నరు చూడుండ్రి, అది పెద్దగ రాయిండ్రి. తడి ఉంటె పెనానికి అంటుకుంటది, అంతే. గుడ్డతోని రెండు దిక్కుల అద్ది, అర చెంచా ఉప్పు నాలుగు బద్దలకు రాసి పావుగంట పక్కకు పెట్టి, మళ్ళ అద్దాలె. ఇనుప పెనం మంచిగ కాలినంక రెండు చెంచాల నూనె పోసి, నూనె పలుచబడి పరుగులు పెట్టేటప్పుడు బద్ద వెయ్యాలె. తోలు ఉన్న పండుగప్ప అయితె తోలు దిక్కు కిందికి. ఎయ్యంగనే అది ముడుసుకుంటది, గరిటెతోని అర నిమిషం మెత్తగ ఒత్తి పట్టాలె. నాలుగు నిమిషాలు ముట్టొద్దు. అంచు తెల్లగైతుంటది, సగం మందం దాంక తెలుపు ఎక్కినంక తిప్పితె తనంతట తానే ఊడొస్తది. ఊడిరాకుంటె ఇంక కాలే. రెండో దిక్కు రెండు నిమిషాలు చాలు.

పొయ్యిమీద:
థర్మామీటర్ ఉంటే మధ్యలో 63 డిగ్రీలు. లేకపోతే చాకు మొనతో మందపు చోట విప్పి చూడండి. గాజులా మెరుస్తుంటే ఇంకా కావాలి, తెల్లబడి పొరలు విడిపోతుంటే అయింది. బద్దల్ని ఊటలో వేసి ఉడికించొద్దు. పళ్ళెంలో ముందు ఊట పోసి దాని మీద బద్ద పెడితే కాలిన పైపొర మెత్తబడదు. అందుకే పేరు కూడా ‘గుల్లల ఊటతో చేప బద్దలు’ అనండి. ‘ఊటలో’ అంటే ముంచేస్తారు.

వంటమాటలు:
‘ఊటతో’. సరే. దినుసుల్లో చివర ‘ఉప్పు తగినంత’ అని పెట్టి ముగిస్తున్నాను.

గోదారి వంట:
అక్కడ మాత్రం ‘తగినంత’ వద్దండీ. ఆ మాట చూడగానే అలవాటు కొద్దీ చేయి ఉప్పు డబ్బా మీదికి పోతుంది. చేపకి అర చెంచా రాశాం, ఊటలో సముద్రపు ఉప్పు ఉంది, అది 200 నుంచి 120కి ఇగిరేసరికి ఇంకా ఉప్పెక్కుతుంది. ‘ఉప్పు: చేపకు అర చెంచా. ఊటకు వేయొద్దు, వెన్న కలిపాక రుచి చూడాలి’ అని రాయండి. ఒకవేళ ఉప్పెక్కితే నీళ్ళు పోయొద్దు, పల్చబడిపోతుంది. ఉప్పు లేని ఉడికిన బంగాళదుంప రెండు చెంచాలు మెదిపి కలపండి. గుల్లలు, రొయ్యలు పడనివాళ్ళు ఉంటే వాళ్ళ బద్దని వేరే పెనంలో కాల్చమని కూడా ఒక లైను పెట్టండి.