కాలనీ కింద పడ్డ మా ఊరు: మొదట ఎవరు వచ్చిండ్రో ఎట్ల తెలుసుకోవాలె?

గుట్టకింది_పోరడు:

అందరికి నమస్తే. మాది హన్మకొండ నుంచి హసన్‌పర్తి పోయే దిక్కు ఒక ఊరు. ఇప్పుడు ఊరు అని ఎవ్వరు అంటలేరు, గ్రేటర్ వరంగల్ల కలిసినంక డివిజన్ నంబరే మా అడ్రస్ అయింది. రెండు గుట్టల నడుమ చెరువు, చెరువు కింద పొలాలు, పొలాల పక్కన ఊరు, నా చిన్నప్పుడు అంతే ఉండె. ఇప్పుడు ఆ పొలాలల్ల హాస్టళ్లు, ఫంక్షన్ హాళ్లు, అపార్ట్‌మెంట్లు, ఒక గుట్ట సగం కంకరకే పోయింది.

మొన్న మా నాయినమ్మ దినాలకు అందరం కలిసినప్పుడు మా చిన్నతాత ఒక ముచ్చట చెప్పిండు, ఏడు తరాల కింద మనోళ్లు వచ్చినప్పుడు ఇక్కడ తుమ్మలు, తంగేడు పొదలు తప్ప ఏం లేవట, ఊరు కట్టేటప్పుడు నడుమ పాతే బొడ్రాయి పాతంగ నిలబడ్డది మనోళ్లేనట. సరే అని వాడకట్టుల ఇంకో ఇంటిపేరోళ్లను అడిగితె మేమే మొదలు అంటాండ్రు. ఎవ్వరిది అబద్ధం అని నాకు అనిపిస్తలేదు, ఎవరికి విన్నది వాళ్లు చెప్తాండ్రు.

చిన్నతాతకు 84 ఏండ్లు. ఇప్పుడు అడగకపోతె ఇంకెప్పుడు అడగ? బొడ్రాయి రెండు బిల్డింగుల నడుమ సందుల ఉంది, దాని పక్కపొంటి బైకులు పెడ్తాండ్రు. మా బిడ్డ ఇదేం రాయి బాపూ అని అడిగితె ఊరి నడిబొడ్డు అని చెప్పిన గని, ఎవరు పెట్టిండ్రు అంటె నా దగ్గర జవాబు లేదు. ఆ రాత్రి నిద్ర పట్టలే. ఎక్కడ మొదలు పెట్టాలె, ఏ కాగితాలు చూడాలె, తెలిసినోళ్లు జర చెప్పుండ్రి.

పాత_పహాణీ:

తమ్మీ, నేను రెవెన్యూల పనిచేసి రిటైర్ అయినోన్ని. నువ్వు ముందుగాల 1954-55 ఖాస్రా పహాణీ నకలు తీస్కో. సర్వే నంబర్ల వారీగ పట్టాదారు ఎవరు, కబ్జల ఎవరున్నరు, ఏ పంట, బాయి ఉందా లేదా అన్ని అండ్లనే ఉంటయ్. దానికంటె ముందటిది కావాలంటె సేత్వార్ చూడాలె, అది నిజాం కాలం నాటి సర్వే సెటిల్‌మెంట్ రికార్డు, ఉర్దూల ఉంటది, చదివేటోళ్లను తోలుకపో. హైదరాబాద్ తార్నాకల రాష్ట్ర ఆర్కైవ్స్ ఉంది, అక్కడ గూడ పాత కాగితాలు చూపిస్తరు.

పట్టా పేర్లకంటె ముందు ఇనాం భూములు చూడు, అసలు కథ ఆడనే దొరుకుతది. ఊరు నడవాల్నంటె నీళ్లు పారిచ్చే నీరటి కావాలె, కుమ్మరి, కమ్మరి, వడ్ల, చాకలి, మంగలి, మస్కూరి అందరు కావాలె, జీతం కింద వాళ్లకు ఎంతో కొంత భూమి ఇచ్చేటోళ్లు. చెరువు మంచిగ చూసుకునేటోళ్లకు దస్తబంద్ ఇనాం అని ఉండె. ఇది ఇయ్యాల్టిది గాదు, కాకతీయుల శాసనాలల్ల గూడ దశబంధం అని వస్తది, చెరువు తవ్విచ్చినోళ్లకు దాని కింద సాగయ్యే భూమిల పదో వంతు. అది నీ ఊరి లెక్కల కనిపిస్తె చెరువు ఎవరి చేతుల ఉండెనో దొరికినట్టే.

ఇంకో మాట. పాత రికార్డుల దొర పేరు ఉన్నకాడ దున్నినోని పేరు ఉండది. వెట్టి చేసినోళ్లు, జీతగాళ్లు ఏ రిజిస్టర్‌ల ఉండరు. 1950 కౌలు చట్టం వచ్చినంక రక్షిత కౌలుదార్ల రిజిస్టర్ రాసిండ్రు, అండ్ల దున్నినోళ్ల పేర్లు కొన్నన్న దొరుకుతయ్. నా సర్వీసుల ఒక ముసలాయన వచ్చి వాళ్ల నాయిన పేరు అండ్ల చూసుకోని ఏలుతోటి తడిమిండు, భూమి ఎప్పుడో పోయింది, పేరు ఉంటె చాలు బిడ్డా అన్నడు.

కాజీపేట_అక్క:

పై సార్ చెప్పింది నిజమే గని, ఊరు కాలనీ ఎట్ల అయిందో గూడ రాసుకో తమ్మీ, అది గూడ చరిత్రే. మా తాత లోకో షెడ్‌ల పని దొరికి కాజీపేటకు వచ్చిండు. రైలు 1880లల్లనే వచ్చింది గని, 1929ల బల్లార్ష లైను కలిసినంక జంక్షన్ పెద్దగైంది, ఎక్కడెక్కడోళ్లో వచ్చి దిగిండ్రు. 1934ల వరంగల్ల ఆజంజాహి మిల్లు వచ్చింది, చుట్టుపక్కల పల్లెలోళ్లు షిఫ్టులకు నడిసి పోయేటోళ్లు. 1959ల నెహ్రూ వచ్చి ఆర్ఈసీకి, అంటె ఇప్పటి ఎన్ఐటీ ఇంజినీరింగ్ కాలేజికి, పునాది రాయి ఏసిండు. 1976ల కాకతీయ యూనివర్సిటీ అయింది, మీ దిక్కు పొలాలు ప్లాట్లు అయ్యుడు దాని ఎన్కనే మొదలయి ఉంటది.

మా అమ్మ చెప్పేది, వాళ్లు వచ్చినప్పుడు క్వార్టర్ల ఎనుక రాత్రి నక్కలు కూసేటియట, మంచినీళ్లకు అర మైలు పోయేటోళ్లట. బొడ్రాయి పాతినోళ్లే మొదటోళ్లు అంటె మా అమ్మ ఒప్పుకునేది కాదేమో.

ఒకటి మాత్రం గట్టిగ చెప్తాన. 2020 ఆగస్టుల సమ్మయ్యనగర్, నయీంనగర్ దిక్కు ఇండ్లల్లకు నీళ్లు వచ్చినప్పుడు మేము మా చుట్టాలను పడవల మీద దించుకున్నం. ఇక్కడియి గొలుసుకట్టు చెరువులు, ఒక చెరువు నిండి మత్తడి (అలుగు) దునికితె ఆ నీళ్లు కింది చెరువుకు పోతయ్, నడుమల వాగు మీద ఇండ్లు కడితె ఆ నీళ్లు ఏడికి పోవాలె? మీ చిన్నతాతను మత్తడి ఏడ ఉండె, నీళ్లు ఎటు పోయేటియో తప్పకుండ అడుగు. ఇది పాత ముచ్చట అనుకోకు, మీ ఇంటికే పని కొస్తది.

క్యాంపు_మనవడు:

మాది నిజామాబాద్ జిల్లా, బోధన్ దగ్గర. మా తాతోళ్లు గుంటూరు దిక్కు నుంచి వచ్చిండ్రు. మంజీర మీద నిజాంసాగర్ 1923ల మొదలయి 1931ల అయింది, ఇంజినీరు అలీ నవాజ్ జంగ్. కాలువ నీళ్లు వచ్చినంక కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాలోళ్లు వచ్చి భూములు కొన్నరు, మొదట్ల గుడిసెలు ఏసుకున్నకాడ క్యాంపు అని పేరు పడ్డది, మా ఊరికి ఇప్పటికి అదే పేరు. తర్వాత శక్కర్‌నగర్‌ల నిజాం షుగర్ ఫ్యాక్టరీ వచ్చింది, చెరుకు పెరిగింది.

మా ఇంట్ల నేను విన్నది అడవి కొట్టి భూమి చేసినం, మలేరియాతోటి మస్తు మంది పోయిండ్రు అని. పెద్దగైనంక పక్క ఊరి దోస్తు వాళ్ల అవ్వను కలిస్తె ఆమె చెప్పింది, అవి మేము పసులు మేపిన బీళ్లు, ఇప్పపువ్వు ఏరుకున్న చోటు అని. మా నాయినమ్మ చెప్పింది నిజమే, ఆమె చెప్పింది నిజమే. అందుకే అన్నా, రెండు ఇండ్లల్ల గూసోని రాసుకో, ఒక్క ఇంట్లనే గూసుంటె సగమే వస్తది.

మట్టిపని_బిడ్డ:

వడ్డెరోళ్లం మేము. పై ముచ్చట్లల్ల చెరువు అందరు అన్నరు, కట్ట పోసినోళ్లను ఒక్కలు గూడ అనలే, అందుకే రాస్తాన. మా ముత్తాతలు పలుగు, పార, గంప, గాడిదలు పట్టుకోని ఒక చెరువు నుంచి ఇంకో చెరువుకు పోయేటోళ్లు. తవ్విన గుంతల నడుమ ఒక దిమ్మె వదిలేటోళ్లట, ఎంత లోతు తవ్విండ్రో దాన్ని చూసి కొలిచి కూలి కట్టెటోళ్లు. కట్ట అయినంక ఊరు ఇడిసి పోవుడే. అందుకే ఏ ఊరి బొడ్రాయి కథల మేము ఉండం. మీ కట్ట మీదికి పోయి రాతి కట్టడం చూడు, ఆ రాళ్లు పేర్చినోళ్లు ఏడనో బతికే ఉంటరు వాళ్ల మనవలు.

గుట్టకింది_పోరడు:

అందరికి దండాలు. పోయిన ఐతారం చిన్నతాతను ఆటోల ఎక్కిచ్చి కట్ట మీదికి తీస్కపోయిన. మత్తడి ఏడ ఉండెనో చేతికట్టెతోటి చూపిచ్చిండు, ఇప్పుడు దాని ముంగట కాంపౌండ్ గోడ ఉంది. ఆడనే గూసోని గంటన్నర మాట్లాడిండు, ఫోన్‌ల రికార్డు చేసిన.

ఖాస్రా పహాణీ నకలు గూడ వచ్చింది సార్. మా ఇంటిపేరు ఉంది, గని తూము కింద ఎకరం మీద కొన్ని గుంటలు నీరటి ఇనాం అని ఒక ఇంటిపేరు మీద ఉంది, అది మేము అనుకున్న రెండు ఇండ్లది గాదు. చిన్నతాతను అడిగితె జర సేపు ఆగి, అవును, తూము తియ్యాల్నంటె వాళ్లనే పిలిచేటోళ్లం, ఆ ఇంటి ముసలామె డప్పు సప్పుడు వింటెనే నీళ్లు వస్తయని తెలిసేది అన్నడు. ఆ ఇంటోళ్ల మనవడు మా కాలనీ మూలమీద పంక్చర్ షాపు నడుపుతాండు, ఇరవై ఏండ్ల సంది మా బండ్లకు గాలి కొట్టేది అతనే. ఈ ఐతారం నకలు పట్టుకోని అతని దగ్గరికి పోతాన.