ఆటో డెబిట్‌లు ఉంచాలా, అన్నీ ఆపేసి చేత్తో కట్టుకోవాలా?

వేపచెట్టు (రాత్రి 9:12)
నిన్న ఆదివారం ఖాళీగా ఉండి బ్యాంకు స్టేట్‌మెంట్ తీసి చూశాను. జీతం పడే ఖాతాలోంచి నెలకు పదకొండు చోట్లకు డబ్బు దానంతట అదే పోతోంది. ఇంటి లోన్ ఈఎంఐ, రెండు సిప్‌లు, ఫోన్ బిల్లు, ఓటీటీలు, ఏడాదికోసారి పోయే ఇన్సూరెన్స్ వేరే. వాటిలో ఒక ₹149 ఎవరికి పోతోందో నాకే తెలీదు. స్టేట్‌మెంట్‌లో ఏదో పేమెంట్ కంపెనీ పేరుంది తప్ప, అసలు వ్యాపారి పేరు లేదు. మా ఆవిడ చూసి "అన్నీ ఆపేసి నెలనెలా చేత్తో కట్టండి, లేదంటే వీటికోసం వేరే ఖాతా తెరవండి" అంది. మీరంతా ఏం చేస్తున్నారు?

ఎర్రపెన్ను (9:30)
అడగడానికేముందండీ, మీ ఆవిడ చెప్పిందే రైటు. మన ఖాతాలో చెయ్యిపెట్టే హక్కు ఇంకొకడికి రాసివ్వడమేమిటి? 2019 నుంచి నేను ఒక్క ఆటో డెబిట్ కూడా పెట్టుకోలేదు. మూడో తారీఖున డైరీ తీస్తాను, ఒక్కొక్కటీ కట్టి ఎర్ర పెన్నుతో టిక్కు కొడతాను. అరగంట పని.

ఎందుకింత పట్టుదల అంటారా? మా నాన్న పెన్షన్ ఖాతాలోంచి పద్నాలుగు నెలల పాటు నెలకు ₹299 పోయింది. మొత్తం ₹4,186. ఏదో ఆరోగ్యం యాప్. మొదట ఒక్క రూపాయికి ట్రయల్ అన్నాడట. నచ్చక వారం తిరగకుండానే యాప్‌ని ఫోన్లోంచి తీసేశారు కూడా. తీసేస్తే అక్కడితో తెగిపోయిందనుకున్నారు.

పద్దులరావు (9:41)
యాప్ తీసేస్తే మాండేట్ (మన ఖాతాలోంచి డబ్బు తీసుకోమని ఇచ్చిన అనుమతి) పోదు మాస్టారూ. యాప్ మన ఫోన్లో ఉంటుంది, మాండేట్ బ్యాంకు దగ్గర ఉంటుంది. ఈ రెండూ ఒకటే అనుకోవడం వల్లే సగం గొడవలు.

అయినా కార్డు, యూపీఐ రెండింటికీ రిజర్వు బ్యాంకు నిబంధన ఉంది. డబ్బు తీయడానికి కనీసం 24 గంటల ముందు మనకు సమాచారం ఇవ్వాలి. వ్యాపారి పేరు, ఎంత, ఎప్పుడు, ఎందుకు అన్నీ అందులో ఉండాలి. ఈసారికి వద్దనో, మొత్తానికే వద్దనో చెప్పే వీలుండాలి. కార్డుల మీద 2021 అక్టోబర్ 1 నుంచి గట్టిగా అమలవుతోంది. అప్పుడు ఎన్నో కార్డు చెల్లింపులు ఆగిపోయి జనం తిట్టుకున్నారు, గుర్తుందా? మీ నాన్నగారికి పద్నాలుగు సార్లూ మెసేజ్ వచ్చే ఉంటుంది. చూసుకోలేదు, అంతే.

ఎర్రపెన్ను (9:44)
రాలేదు.

పద్దులరావు (9:45)
వచ్చే ఉంటుంది.

ఎర్రపెన్ను (9:49)
రాలేదని చెబుతున్నా కదండీ. ఆయన ఫోన్ నా చేతిలో పెట్టుకుని కింది దాకా వెతికాను. పెన్షన్ మెసేజ్, గ్యాస్ మెసేజ్, లాటరీ తగిలిందనే మెసేజ్ అన్నీ ఉన్నాయి. ఇది లేదు. నిబంధన కాగితం మీద ఉంటే సరిపోతుందా?

గోడమీదపిల్లి (9:52)
ఈమెయిల్‌కి పోయిందేమో. నాకలాగే పోయేవి.

తులసికోట (10:05)
ఆ మెసేజ్ గొడవ పక్కన పెడితే, వేపచెట్టు గారు అడిగింది వేరే ఖాతా గురించి కదా. నేను మూడేళ్లుగా అదే చేస్తున్నాను. చిన్న ఖాతా ఒకటి, నెల మొదట్లో అందులోకి రెండు వేలు వేస్తాను. సబ్‌స్క్రిప్షన్లన్నీ దానికే. ఎవడైనా ఎక్కువ లాగాలన్నా అక్కడ ఉంటేగా.

పద్దులరావు (10:11)
ఓటీటీలకు బాగానే ఉంటుందమ్మా. ఈఎంఐని కూడా ఆ చిన్న ఖాతాకే తగిలించి, ఒక నెల డబ్బు వేయడం మర్చిపోతే? బౌన్స్. మా తోడల్లుడికి బ్యాంకువాళ్లు ₹590 కొట్టారు, లోన్ ఇచ్చినవాళ్లు వాళ్ల ఛార్జీ వేరే వేశారు, సిబిల్ స్కోరు మీద మచ్చ అదనం.

నల్లకోటు (10:14)
చిన్న మాట. అప్పు తీర్చడానికి ఇచ్చిన ఆటో డెబిట్ డబ్బు చాలక తిరిగొస్తే, అది చెక్కు బౌన్సు లాంటిదే. పేమెంట్ అండ్ సెటిల్‌మెంట్ సిస్టమ్స్ చట్టం, 2007, సెక్షన్ 25. రెండేళ్ల వరకు జైలు గానీ, మొత్తానికి రెట్టింపు వరకు జరిమానా గానీ, రెండూ గానీ. నోటీసు ఇచ్చి, గడువు ఇచ్చాకే అనుకోండి. అయినా ఇది చాలామందికి తెలీదు.

గోడమీదపిల్లి (10:16)
ఎర్రపెన్ను గారూ, ఒక్క ఆటో డెబిట్ కూడా లేదన్నారు. లోన్ ఏమీ లేదా మీకు?

ఎర్రపెన్ను (10:27)
బండి లోన్ ఉండేది. దానికి తప్పదు కదండీ, నాచ్ ఫారం (ఈఎంఐని ఖాతాలోంచి నేరుగా తీసుకోమనే కాగితం) మీద సంతకం పెడితే తప్ప లోన్ ఇవ్వరు. దాన్ని నేను లెక్కలోకి తీసుకోను, నా ఇష్టంతో పెట్టింది కాదు.

మంచి మాట ఎత్తారు. అదీ చెబుతాను. ఆ లోన్‌ను గడువుకి ముందే మొత్తం కట్టేసి మూసేశాను. మూసినట్టు లెటర్ కూడా తీసుకున్నాను. తర్వాతి నెల ఐదో తారీఖున ఈఎంఐ మళ్లీ పోయింది! వెనక్కి రాబట్టుకునేసరికి నెలన్నర. పద్దులరావు గారూ, దానికీ మీ 24 గంటల మెసేజ్ రాలేదు. ఇప్పుడేమంటారు?

పద్దులరావు (10:31)
రావాలండీ. రాకపోతే బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు వెళ్లాల్సింది.

కౌంటర్3 (10:48)
బ్యాంకులో పనిచేస్తున్నాను, ఏ బ్యాంకో వద్దు. ఇద్దరూ గంట నుంచి వేరువేరు విషయాల మీద కొట్టుకుంటున్నారు.

ఆ 24 గంటల నిబంధన ఈ-మాండేట్‌ది. అంటే కార్డులు, వాలెట్లు, యూపీఐ ఆటోపే. బండి లోన్ నాచ్. అది వేరే దారి, అప్పిచ్చిన సంస్థ తన బ్యాంకు ద్వారా అందరివీ కలిపి ఒకే ఫైలు పంపిస్తుంది, మీ బ్యాంకు తీసి ఇస్తుంది. దానికి ఆ నిబంధన వర్తించదు. లోన్ మూసినా మాండేట్ మూయకపోతే ఫైల్లో మీ పేరు అలాగే ఉండిపోవచ్చు. రోజూ కౌంటర్ దగ్గర చూసే కథే ఇది. లోన్ మూసిన రోజే రెండు పనులు చేయాలి. అప్పిచ్చినవాళ్లను మాండేట్ రద్దు చేయమని రాతపూర్వకంగా అడగాలి, మీ బ్యాంకులో కూడా యూఎంఆర్ఎన్ ఇచ్చి రద్దు పెట్టాలి. యూఎంఆర్ఎన్ అంటే ఆ మాండేట్ నంబరు, స్టేట్‌మెంట్‌లో ఆ ఎంట్రీ పక్కన దొరుకుతుంది, లేదా మేం చెబుతాం.

వేపచెట్టు గారూ, మీ పదకొండూ ఒకే చోట కనబడవు. యూపీఐవి ఏ యాప్‌లో పెట్టారో ఆ యాప్‌లోని ఆటోపేలో, కార్డువి కార్డు ఇచ్చిన బ్యాంకు సైట్లో, నాచ్‌వి నెట్ బ్యాంకింగ్‌లో మాండేట్లు అన్న దగ్గర చూడండి. ఆ ₹149 ముందు కార్డు వైపు వెతకండి. ఈఎంఐ, ఇన్సూరెన్స్ జీతం ఖాతాలోనే ఉంచండి. మిగతావి తులసికోట గారు చెప్పినట్టు.

ఇంకోటి, ఎవరూ చూడనిది. మాండేట్ ఒప్పుకునే తెరమీద పైన పెద్ద అక్షరాల్లో ₹1 ఉంటుంది. దాని కింద సన్నగా "₹5,000 వరకు" అని, పక్కన "యాజ్ ప్రెజెంటెడ్" అని ఉంటుంది. అంటే వాళ్లు ఎప్పుడు అడిగితే అప్పుడు, ఐదువేల లోపు ఎంతైనా. మీరు ఓటీపీ కొట్టింది రూపాయికి కాదు, ఆ కింది లైనుకు.

వేపచెట్టు (10:55)
కౌంటర్3 గారూ, చాలా థాంక్స్. రేపే చూస్తాను. నా ఇన్సూరెన్స్ ప్రీమియం ₹22,000. పదిహేను వేలు దాటితే ఆటో పోదంటారు, నిజమేనా?

పద్దులరావు (10:58)
₹15,000 దాటితే ప్రతిసారీ ఓటీపీ కావాలి, 2022 జూన్ నుంచి అదే పరిమితి. కానీ ఇన్సూరెన్స్ ప్రీమియానికి, మ్యూచువల్ ఫండ్లకి, క్రెడిట్ కార్డు బిల్లుకి 2023 డిసెంబర్‌లో లక్ష దాకా పెంచారు. మీది నిశ్చింతగా పోతుంది.

ఎర్రపెన్ను (11:02)
నిశ్చింత! ఆ మాటే నాకు ఒళ్లు మండిస్తుంది. సరే, నాచ్ సంగతి ఒప్పుకున్నాను. నాన్న ₹299 సంగతేంటి? అది డెబిట్ కార్డు మీద పోయింది. దానికి మెసేజ్ రావాలని మీరే అంటున్నారు. రాలేదు. ఆ డబ్బు ఎవడిస్తాడు? అనుమతి లేకుండా పోతే మూడు పనిదినాల్లో చెబితే పూర్తిగా తిరిగిస్తారని 2017లోనే సర్క్యులర్ ఉంది కదా.

కౌంటర్3 (11:09)
ఉంది, 2017 జూలై 6ది. కానీ అది అనుమతి లేని లావాదేవీలకు. ఇక్కడ ఎవరో ఓటీపీ కొట్టారు కాబట్టి బ్యాంకు దృష్టిలో అనుమతి ఉన్నట్టే. మీ పోరు ఆ యాప్‌వాడితో. చేరడం తేలిక, బయటపడటం కష్టం అన్నట్టు కడితే దాన్ని సబ్‌స్క్రిప్షన్ ట్రాప్ అంటారు. 2023 నవంబర్ 30న వచ్చిన డార్క్ ప్యాటర్న్స్ (కొనేవాళ్లను బోల్తా కొట్టించే యాప్, సైట్ డిజైన్లు) మార్గదర్శకాల్లో చెప్పిన పదమూడు రకాల్లో అదొకటి. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు పెట్టండి.

ఒకటి అడుగుతాను, ఏమీ అనుకోకండి. నాన్నగారి ఖాతాకు ఉన్న మొబైల్ నంబరు ఎవరిది?

పద్దులరావు (11:20)
సమాధానం రాలేదేం?

గోడమీదపిల్లి (11:21)
పాప్‌కార్న్.

ఎర్రపెన్ను (11:38)
నాది.

నాదే అండీ. ఆయనకు ఓటీపీలతో టెన్షన్ అని మూడేళ్ల కిందట నేనే మార్పించాను. ఆ రోజు ఆఫీసులో మీటింగ్‌లో ఉంటే ఫోన్ చేసి "ఒరేయ్, ఏదో నంబరు వచ్చిందట చెప్పు" అన్నారు. చెప్పాను. దేనికని అడగలేదు. ఇప్పుడే నా ఫోన్లో వెతికాను. పద్నాలుగూ ఉన్నాయి. రోజుకు నలభై మెసేజ్‌లు వస్తాయి, బ్యాంకువి అన్నీ ఒకే పేరుతో వస్తాయి, ఎవడు చదువుతాడు? సంతోషమా?

పద్దులరావు (11:43)
అందుకే మొదటి నుంచీ అంటున్నాను, తప్పు పద్ధతిది కాదు, చూసుకోని మనదని. మీరు డైరీ రాసుకునే మనిషి, మీకే ఇలా అయితే...

ఎర్రపెన్ను (11:47)
పద్దులరావు గారూ, ఇక ఆపండి. మీరు ప్రతిసారీ "చూసుకోవాలి, చూసుకోవాలి" అంటారు. చూసుకునే తీరికే ఉంటే ఆటో డెబిట్ ఎందుకు, చేత్తోనే కడతాం కదా! చూడక్కర్లేదు అని అమ్మి, డబ్బు పోయాక చూడలేదేం అంటే ఎలా? అసలు మీకేమిటి దీని మీద అంత ప్రేమ?

పద్దులరావు (12:06)
ప్రేమ కాదు. చెప్పకూడదనుకున్నాను.

నేనూ మీలాగే చేత్తోనే కట్టేవాడిని. డైరీ కాదు, క్యాలెండర్ మీద సున్నాలు చుట్టేవాడిని. ఆరేళ్ల కిందట మా ఆవిడ ఆసుపత్రిలో ఉంది, నలభై రోజులు. ఇంట్లో క్యాలెండర్ పేజీ కూడా తిప్పలేదు. నా టర్మ్ పాలసీ ప్రీమియం తేదీ దాటింది, ఆ తర్వాత ఇచ్చే గ్రేస్ గడువు ముప్పై రోజులూ దాటాయి. పాలసీ ల్యాప్స్, అంటే రద్దయినట్టే. మళ్లీ తెరిపించుకోవడానికి వైద్య పరీక్షలన్నారు, అందులో షుగర్ బయటపడింది. పాత ప్రీమియానికి ఇవ్వం అన్నారు. ల్యాప్స్ అయ్యాక నాకేమైనా అయి ఉంటే ఇంటికి రూపాయి వచ్చేది కాదు. ఆటో పెట్టుకుని ఉంటే ఎవరూ ఏమీ చూడకుండానే పోయేది. నాకు ₹299 పోయినా ఫర్వాలేదండీ. అది పోకూడదు.

తులసికోట (12:10)
మేడమ్ గారు ఇప్పుడెలా ఉన్నారు?

పద్దులరావు (12:11)
బావుంది. టీవీ చూస్తోంది.

ఎర్రపెన్ను (12:19)
సరే. ఇన్సూరెన్స్ వరకు ఒప్పుకుంటాను. ఓటీటీలకీ, యాప్‌లకీ మాత్రం ఛస్తే ఒప్పుకోను. అవి ఒక నెల కట్టకపోతే కొంప మునగదు. ఆగిపోతే ఆగిపోతాయి, కావాలంటే మళ్లీ కట్టుకుంటాం.

పద్దులరావు (12:22)
అది నేనెప్పుడు కాదన్నాను?

ఎర్రపెన్ను (12:23)
పైకి వెళ్లి చదువుకోండి, నాన్నగారు చూసుకోలేదు అన్నారు.

వేపచెట్టు (మర్నాడు, సాయంత్రం 6:40)
₹149 దొరికింది. కౌంటర్3 గారు చెప్పినట్టు కార్డు వైపే ఉంది. రెండేళ్ల కిందట మా అబ్బాయి పరీక్షల కోసం పెట్టిన మాక్ టెస్టుల సైటు. వాడు ఇప్పుడు ఉద్యోగం చేస్తున్నాడు. రద్దు చేయడానికి కూడా ఓటీపీ అడిగింది, సరే, అదీ మంచిదే. పదకొండులో నాలుగు తీసేశాను. ఓటీటీలు వేరే ఖాతాకి మారుస్తున్నాను. ఈఎంఐ, సిప్‌లు, ఇన్సూరెన్స్ కదల్చలేదు.

ఎర్రపెన్ను (7:15)
నేను పొద్దున బ్యాంకుకు వెళ్లి నాన్న ఖాతాకు ఆయన నంబరే మార్పించాను. గంటన్నర పట్టింది. సాయంత్రం పక్కన కూర్చోబెట్టుకుని ఒక మెసేజ్ చదివించాను. "ఇన్నాళ్లూ ఇవి నీకొచ్చేవా?" అన్నారు.

పద్దులరావు (7:18)
₹299 మాండేట్ రద్దు చేశారా?

ఎర్రపెన్ను (7:20)
చేశానండీ.

పద్దులరావు (7:21)
యాప్‌లో సబ్‌స్క్రిప్షనా, బ్యాంకులో మాండేటా? రెండూ వేరు.

ఎర్రపెన్ను (7:33)
ఇప్పుడు చేశాను, రెండోది.