లేపాక్షి చిత్రాలకూ కబడ్డీ ఆటకూ ఒకే పాత కెమెరా: సోనీ ఏ6000 తీసుకోవాలా, ఫుజీఫిల్మ్ ఎక్స్-టీ1 తీసుకోవాలా?

హిందూపురం మాస్టారు

అందరికీ నమస్కారం. నేను హిందూపురం దగ్గర ఒక ఉన్నత పాఠశాలలో ఉపాధ్యాయుడిని. ఇన్నాళ్లూ ఫోనుతోనే సరిపెట్టుకున్నాను గాని, ఈ ఏడాది ఒక పాత మిర్రర్‌లెస్ కెమెరా (లోపల అద్దం లేని, లెన్సు మార్చుకోగల కెమెరా) కొనాలని నిశ్చయించుకున్నాను. లెన్సుతో కలిపి 35,000 రూపాయలకు మించి పెట్టలేను. వెతగ్గా వెతగ్గా చివరికి రెండు మిగిలాయి. ఒకటి సోనీ ఏ6000, రెండోది ఫుజీఫిల్మ్ ఎక్స్-టీ1. రెండూ 2014లో వచ్చినవే, రెండింటిలోనూ వెలుతురును చిత్రంగా మార్చే సెన్సర్ ఏపీఎస్-సీ అనే ఒకే పరిమాణానిదే, అయినా చేతిలోకి తీసుకుంటే ఒకదానికొకటి పోలికే లేదు.

నాకు కావలసిన పనులు రెండు. లేపాక్షి వీరభద్రస్వామి ఆలయం మండపాల పైకప్పు మీద ఉన్న విజయనగర కాలపు వర్ణచిత్రాలను, స్తంభాల మీది చీర అంచుల నమూనాలను పిల్లలకు పాఠంగా చూపించేందుకు వరుసగా చిత్రించుకోవాలి. అక్కడ వెలుతురు బాగా తక్కువ, ఫ్లాష్ వాడకూడదు, స్టాండుకు పురావస్తు శాఖ అనుమతి కావాలి. రెండో పని మా పిల్లల కబడ్డీ. సాయంత్రం అయిదు దాటాక మొదలయ్యే ఆటలో కూతకు వెళ్లినవాడి వేలి కొస ఎదుటివాడి భుజాన్ని తాకే క్షణం ఫోనుకు ఇంతవరకు ఒక్కసారీ దొరకలేదు. ఈ రెండు పనులూ ఒకే కెమెరాతో అవుతాయా? రెండింటిలో ఏదైనా వాడినవారు తమ అనుభవం చెబితే మేలు చేసినవారవుతారు.

కూత పట్టు

మాస్టారూ, నేను నల్గొండ జిల్లాలో పాఠశాల ఆటల పోటీలను ఆరేళ్లుగా ఏ6000తో తీస్తున్నాను కనుక కబడ్డీ సంగతి నన్ను చెప్పనివ్వండి. ఆ కెమెరాలో కదిలేవాటిని చప్పున పట్టే 179 ఫేజ్ డిటెక్షన్ ఫోకస్ బిందువులు ఫ్రేములో దాదాపు అంతటా పరుచుకొని ఉంటాయి. ఆటగాడు మధ్యగీత నుంచి మూలకు ఉరికినా, పట్టుకోబోయి పక్కకు దొర్లినా, ఫోకస్ వాడి వెంటే పోతుంది. సెకనుకు 11 ఫ్రేముల వేగం కూడా ఉంది. ఎక్స్-టీ1 కూడా 8 ఫ్రేములు తీస్తుంది గాని, ఫేజ్ డిటెక్షన్ పనిచేసేది మధ్యనున్న కొద్ది భాగంలోనే కాబట్టి, ఆటగాడిని మధ్యలో నిలుపుకోవలసిన బరువు మన చేతుల మీదే పడుతుంది.

అయితే ఈ 11 ఫ్రేముల మాట విని మురిసిపోకండి. రా ఫైళ్లుగా, అంటే కెమెరా దిద్దని ముడి చిత్రాలుగా, తీస్తే సుమారు 22 చిత్రాలకే బఫర్ (కార్డుకు రాసేముందు చిత్రాలు ఆగే చోటు) నిండుతుంది, అంటే రెండు సెకన్లు. కూత సమయం 30 సెకన్లు. వాడు గీత దాటగానే మీట నొక్కి పట్టుకున్నారంటే, అసలు పట్టు పడే వేళకు కెమెరా కార్డులోకి రాసుకుంటూ ఉంటుంది, మీరు దాని ముఖం చూస్తూ నిలబడతారు. మొదటి సంవత్సరం నేను చేసింది అదే. ఇప్పుడు వేగాన్ని 6 ఫ్రేములకు తగ్గించి, జేపెగ్‌లో, ఆటగాడి పాదం కదిలే తీరు చూసి నాలుగైదు చిత్రాల చొప్పున తీస్తాను.

ఇంకొక ముఖ్య విషయం. ఏ6000లో ఐఎస్ఓను (వెలుతురుకు కెమెరా స్పందించే స్థాయిని) ఆటోలో పెట్టి, ఎపర్చర్ ప్రయారిటీలో, అంటే లెన్సు ద్వారం మనం, షట్టర్ వేగం కెమెరా నిర్ణయించే పద్ధతిలో, తీస్తే, షట్టర్ కనీస వేగం ఇంత ఉండాలని చెప్పే వీలు లేదు. కెమెరా తనకు తోచినట్టు సాధారణంగా 1/60 సెకను దగ్గర ఆగిపోతుంది, మీ ఆటగాడు పొగలాగా వస్తాడు. అందుకని మాన్యువల్ మోడ్‌లో షట్టర్ 1/500, ఎపర్చర్ మీరు నిర్ణయించి, ఐఎస్ఓను మాత్రం ఆటోకు వదిలేయండి.

మసక వెలుతురు

కూత పట్టు గారు చెప్పినదానితో విభేదం లేదు. కాని మాస్టారి మొదటి పని గురించి ఎవరూ మాట్లాడలేదు కాబట్టి, హైదరాబాదులో ఎక్స్-టీ1తో నృత్య ప్రదర్శనలు, అప్పుడప్పుడు రామప్ప వంటి ఆలయాలు తీసే మనిషిగా రెండు మాటలు చెబుతాను.

ఈ రెండు కెమెరాల బాడీలోనూ చేతి వణుకును సరిదిద్దే స్టెబిలైజేషన్ లేదు, ఉన్నదంతా లెన్సులోనే. ఫుజీతో వచ్చే 18-55 మి.మీ. లెన్సు వెడల్పు కొసన ఎఫ్2.8 నుంచి మొదలవుతుంది (ఈ ఎఫ్ సంఖ్య ఎంత తగ్గితే అంత ఎక్కువ వెలుతురు), సోనీతో వచ్చే 16-50 ఎఫ్3.5 నుంచి. తేడా చిన్నదిగా కనిపించినా, చీకటి మండపంలో ఐఎస్ఓ 1600 కావలసిన చోట 1000తో సరిపోవడమంటే అది రంగుల్లో తెలుస్తుంది. ఊపిరి బిగబట్టి, వీపును స్తంభానికి ఆనించి 1/10 వద్ద తీసిన చిత్రాలు నాకు పదింటిలో ఆరేడు నిక్కచ్చిగా వచ్చాయి.

ఎక్స్-టీ1 వ్యూఫైండర్ (కన్ను ఆనించి చూసే చిన్న తెర) 23.6 లక్షల చుక్కలది, 0.77 రెట్ల పరిమాణంతో గవాక్షంలోంచి చూసినంత విశాలంగా ఉంటుంది. ఏ6000ది 14.4 లక్షల చుక్కలే, అంతకుముందటి సోనీ నెక్స్-7లో ఉన్నదాని కన్నా తక్కువ. కదలని వస్తువును నిదానంగా కూర్చుకునేవారికి ఈ తేడా రోజంతా తెలుస్తూనే ఉంటుంది. షట్టర్ చక్రం, ఐఎస్ఓ చక్రం, ఎక్స్‌పోజర్ దిద్దుబాటు చక్రం అన్నీ పైకి కనిపిస్తాయి కనుక, కెమెరా ఆన్ చేయకుండానే దేని మీద ఏముందో తెలుసుకోవచ్చు. ఒక్క చిక్కు మాత్రం ఉంది. ఐఎస్ఓ చక్రం తిప్పాలంటే ప్రతిసారీ నడిమి బొత్తాం నొక్కి పట్టుకోవాలి. చీకట్లో, కన్ను వ్యూఫైండర్‌కు ఆనించి, ఎడమచేతి బొటనవేలితో ఒకటి, చూపుడువేలితో ఒకటి చేయడం అలవాటయ్యే దాకా విసుగే.

నృత్యానికి ఇది నచ్చడానికి మరో కారణం శబ్దం. ఎక్స్-టీ1లో ఫర్మ్‌వేర్ (కెమెరా లోపలి సాఫ్ట్‌వేర్) ద్వారా తర్వాత చేరిన ఎలక్ట్రానిక్ షట్టర్ బొత్తిగా చప్పుడు చేయదు. వేదిక మీద మృదంగం ఆగి అభినయం ఒక్కటే నడుస్తున్నప్పుడు, ముందు వరుసలో కూర్చున్న నేను ఎవరి చేతా వెనక్కి తిరిగి చూపించుకోలేదు. ఏ6000లో ఆ సదుపాయం లేదు, దాని షట్టర్ హాలంతా వినిపిస్తుంది. అయితే ఎల్ఈడీ దీపాల కింద ఎలక్ట్రానిక్ షట్టర్ వాడితే చిత్రం మీద అడ్డచారలు పడతాయి, వేగంగా కదిలే చేయి వంకరపోతుంది. అటువంటి చోట మామూలు షట్టర్‌కే మారాలి.

కొల్లేటి గట్టు

పక్షులు మాస్టారి ప్రశ్నలో లేవు గాని, కదిలే వస్తువుల సంగతి కనుక చెబుతున్నాను. కొల్లేరు ఒడ్డున ఆటపాకలో గూడబాతులు తలమీదుగా దిగే వేళ ఏ6000, 55-210 లెన్సుతో నేను తీసినవి బాగానే వచ్చాయి. పెద్ద పక్షి కావడం, పడవలో దగ్గరకు పోగలగడం అందుకు కారణం. చిన్న పిట్టలకు 210 చాలదు. సాయంత్రమైతే ఆ లెన్సు ఎఫ్6.3కు చేరి ఐఎస్ఓ ఆకాశానికి అంటుతుంది. ఆ దెబ్బ కబడ్డీకి కూడా తప్పదు.

కూత పట్టు

కొల్లేటి గట్టు గారు సరైన చోట వేలు పెట్టారు. కబడ్డీకి జూమ్ అవసరమే లేదు. పురుషుల కోర్టు 13 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు, మనల్ని గీత పక్కన నిలబడనిస్తారు. సోనీ 50 మి.మీ. ఎఫ్1.8 ఓఎస్ఎస్ (వణుకు సరిదిద్దే) లెన్సు ఒక్కటి ఉంటే చాలు. ఎఫ్5.6తో పోలిస్తే దాదాపు పది రెట్లు వెలుతురు లోపలికి వస్తుంది, అంటే ఐఎస్ఓ 6400 కావలసిన సాయంత్రం 640తో గడిచిపోతుంది. మాస్టారూ, మీ 35,000లో కెమెరా బాడీకి ఎంత తక్కువ పెడితే అంత మంచిది. మిగిలినది ఈ లెన్సుకు పెట్టండి.

మిషిగన్ మంచు

నేను డెట్రాయిట్ దగ్గర ఉంటాను, నా దగ్గర ఎక్స్-టీ1 ఉంది. దీనికి నీరు, ధూళి లోపలికి పోకుండా సీళ్లు ఉన్నాయని, మైనస్ 10 డిగ్రీల చలి తట్టుకుంటుందని తయారీదారే చెబుతున్నాడు. మంచు కురుస్తుండగా గంటసేపు బయట తిప్పాను, ఏమీ కాలేదు. కాని మసక వెలుతురు గారు మెచ్చుకున్న 18-55 లెన్సుకు ఆ సీళ్లు లేవని గుర్తుంచుకోండి. గొడుగు పట్టుకొని కింద కాళ్లు తడుపుకున్నట్టే అది. వాన కోసం కొనేవారు డబ్ల్యూఆర్ (తడిని తట్టుకునేది) అని రాసి ఉన్న లెన్సునే, అంటే 35 ఎఫ్2 వంటిదాన్ని, జత చేయాలి.

చార్జింగ్ సంగతి కూడా చూసుకోండి. ఏ6000ను మైక్రో యూఎస్‌బీతో పవర్ బ్యాంకు నుంచి నేరుగా చార్జ్ చేసుకోవచ్చు. ఎక్స్-టీ1లో బ్యాటరీ బయటకు తీసి చార్జర్‌లోనే పెట్టాలి. రెండూ ఒక చార్జ్‌కు 350 చిత్రాల అటూ ఇటూగానే ఇస్తాయి కనుక, ఏది కొన్నా రెండో బ్యాటరీ తప్పదు.

హిందూపురం మాస్టారు

చాలా విషయాలు తెలిశాయి, ధన్యవాదాలు. రెండు సందేహాలు మిగిలాయి. వర్ణచిత్రాల్లోని సన్నని గీతలకు 16 మెగాపిక్సెల్ చాలునా, 24 కావాలా? ఫుజీ రంగులు బాగుంటాయని అందరూ అంటారు, నాకు కావలసింది బాగుండడం కాదు, గోడ మీద ఉన్నట్టే ఉండడం.

మసక వెలుతురు

మంచి ప్రశ్న, నా కెమెరా పక్షాన మాట్లాడడం ఇక్కడ కుదరదు. ఎక్స్-టీ1 చిత్రం 4896×3264, ఏ6000 చిత్రం 6000×4000. తరగతి గదిలో తెర మీద చూపడానికి రెండూ ఎక్కువే. కాని పైకప్పు మొత్తం ఒకసారి తీసి, తర్వాత ఒక చీర అంచును మాత్రం కత్తిరించి పెద్దది చేయాలంటే 24 మెగాపిక్సెల్ పనికొస్తుంది. పైగా ఫుజీ వారి ఎక్స్-ట్రాన్స్ సెన్సర్ రా ఫైళ్లను కొన్ని సాఫ్ట్‌వేర్లలో తెరిచి పదును పెంచితే, సన్నని అల్లికలు పురుగులు పాకినట్టు కనిపిస్తాయి. కెమెరా ఇచ్చే జేపెగ్‌లో ఆ ఇబ్బంది తక్కువ. ఐఎస్ఓ 3200 దాటితే మాత్రం మనుషుల చర్మం మైనంలా నునుపెక్కుతుంది, అందుకే నాయిజ్ (చిత్రంలో తేలే గరుకు చుక్కల) తగ్గింపును మైనస్ 2కు పెట్టుకుంటాను.

రంగుల విషయంలో, రంగులను గాఢం చేసే వెల్వియా మోడ్ జోలికి వెళ్లకండి. కావిరంగు కుంకుమ అవుతుంది. రంగులను మెత్తగా ఉంచే ప్రో నెగ్ స్టాండర్డ్ మోడ్ పెట్టి, ఒక తెల్ల కాగితాన్ని ఆ మండపం వెలుతురులోనే పట్టుకొని వైట్ బ్యాలెన్స్ (తెలుపు తెలుపుగానే వచ్చే సర్దుబాటు) కొలుచుకోండి. ఈ పద్ధతి ఏ6000లోనూ కుదురుతుంది. నిజం చెప్పాలంటే, గోడ మీది రంగు కావాలన్నవారికి కెమెరా కన్నా ఆ కాగితం ముఖ్యం.

ఉప్పుగాలి

విశాఖ నుంచి రాస్తున్నాను. ఏది మంచిదన్న దానికి ఇప్పటికే సమాధానం వచ్చేసింది, నేను కొనేటప్పటి జాగ్రత్త చెబుతాను. మూడేళ్ల క్రితం ఒక సెకండ్ హ్యాండ్ దుకాణంలో పైకి అద్దంలా మెరుస్తున్న లెన్సు తెచ్చుకున్నాను. ఇంటికి వచ్చి ఎపర్చర్ పూర్తిగా తెరిచి, వెనక నుంచి టార్చి వేసి చూస్తే, లోపలి గాజు మీద సాలెగూడులాంటి తెల్లని బూజు. తిరిగి తీసుకోమంటే బిల్లు మీద చిన్న అక్షరాల్లో ఉన్న వాక్యం చూపించారు. మా సముద్రపు గాలికి ఇది మామూలే, హిందూపురం పొడి నేల కనుక మీకు ఆ భయం తక్కువ. కాని ఆ లెన్సు మీ ఊరికి రాకముందు ఏ ఊళ్లో ఉందో ఎవరికి తెలుసు?

ఈ రెండు కెమెరాల్లోనూ లెన్సు విప్పగానే సెన్సర్ బయటపడుతుంది కాబట్టి, ఎఫ్16 వద్ద తెల్లగోడను ఫోకస్ చెదరగొట్టి తీసి, చుక్కలు కనిపిస్తున్నాయేమో చూడండి. సోనీ రా ఫైలులో షట్టర్ ఎన్నిసార్లు పడిందో నమోదై ఉంటుంది, దాన్ని చదివే ఉచిత సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. అమ్మేవారిని ఒక తాజా రా ఫైలు పంపమని అడగండి. పంపడానికి సాకులు చెబితే వదిలేయండి.

హిందూపురం మాస్టారు

పదిహేను రోజుల తర్వాత మళ్లీ రాస్తున్నాను. మిత్రుడి ఎక్స్-టీ1, నా పాత విద్యార్థి ఒకడి ఏ6000 ఒక ఆదివారానికి అరువు తెచ్చుకున్నాను. ఉదయం లేపాక్షిలో మండపం నేల మీద వెల్లకిలా పడుకొని రెండింటితోనూ ఒకే పైకప్పు తీశాను. రెండింటి తెరలూ వంగుతాయి కనుక పడుకోనక్కరలేదని కాపలాదారు వచ్చి "ఏమైంది సార్?" అని అడిగాక గాని తట్టలేదు. ఇంటికి వచ్చి చూస్తే, ఎక్స్-టీ1తో తీసిన నీడల్లో రంగు కాస్త శుభ్రంగా ఉంది, ఏ6000లో గీతలు కాస్త ఎక్కువ దూరం పెద్దవయ్యాయి. పిల్లలకు పేర్లు చెప్పకుండా తెర మీద చూపిస్తే, ఏది ఏదో ఒక్కరూ తేడా పట్టలేదు.

సాయంత్రం కబడ్డీలో మాత్రం తేడా పట్టడానికి పిల్లలు అక్కరలేదు. ఎక్స్-టీ1తో ఆటగాడు మధ్యలో ఉన్నంతసేపు బాగానే వచ్చాయి, మూలకు పోయాక ఫోకస్ వెనకనున్న వేపచెట్టు మీద నిలిచింది. ఏ6000తో, 1/500 వద్ద, నాలుగైదు చిత్రాల చొప్పున తీసిన వాటిలో తొమ్మిదో తరగతి కుర్రవాడి చేయి, ఎదుటివాడి భుజం, వాటి మధ్య లేచిన దుమ్ము, మూడూ స్పష్టంగా ఉన్న చిత్రం ఒకటి దొరికింది.

శనివారం ఏ6000 బాడీ, 16-50, 50 ఎఫ్1.8 మూడూ కలిపి 34,500కు తీసుకున్నాను. రా ఫైలు అడిగితే అమ్మినాయన వెంటనే పంపాడు. షట్టర్ 14,000 చిల్లర ఉంది, టార్చి వేసి చూశాను, లోపల బూజు లేదు. 50 లెన్సు ముందు మూత మాత్రం లేదు. దాని వ్యాసం 49 మి.మీ. అని లెన్సు మీదే రాసి ఉంది, అనంతపురంలో దొరికే చోటు ఎవరికైనా తెలిస్తే చెప్పండి.