నల్లమలలో చెట్ల చిగురును, గడ్డి పచ్చదనాన్ని ఉపగ్రహ చిత్రాల్లో వేరుచేయడం ఎలా?

నాగార్జునసాగర్-శ్రీశైలం, అమ్రాబాద్ పులుల అభయారణ్యాల్లోని ఆకురాల్చే అడవులు ఏటా ఎప్పుడు చిగురిస్తున్నాయో, ఆ సమయం కొన్నేళ్లుగా ముందుకో వెనక్కో జరుగుతోందో తెలుసుకోవడానికి, 2000 నుంచి లభిస్తున్న మోడిస్ అనే ఉపగ్రహ పరికరపు ఎన్‌డీవీఐ (మొక్కల పచ్చదనాన్ని తెలిపే సూచిక) సమాచారాన్ని పరిశీలిస్తున్నాను. ఒక చిక్కు విషయంలో అనుభవజ్ఞుల సలహా కోరుతున్నాను.

నల్లమలలో చెట్లన్నీ ఒకేసారి చిగురించవు. ఫిబ్రవరి, మార్చి నెలల్లో మోదుగ ఆకు లేకుండానే పూస్తుంది; తునికి మండు వేసవిలోనే నూగు నిండిన లేత ఆకు వేస్తుంది, బీడీ ఆకు కోతకు అదే అదను; టేకు మాత్రం చాలాచోట్ల తొలకరి దాకా మోడుగానే ఉంటుంది. ఆ తొలకరికే చెట్ల కింద గడ్డి కూడా మొలుస్తుంది కాబట్టి, మోడిస్ చిత్రంలోని 250 మీటర్ల గడిలో (పిక్సెల్‌లో) ఏది చెట్టు పచ్చదనమో, ఏది గడ్డిదో తెలియడం లేదు. కార్చిచ్చు పాకిన చోట ఎన్‌డీవీఐ పడిపోయి, వానలతో మళ్లీ పెరుగుతుంది. దాన్ని చెట్ల చిగురుగా లెక్కించడం నాకు సమ్మతం కాదు.

పది మీటర్ల గడులుండే సెంటినెల్-2 ఉపగ్రహ చిత్రాలు కొంత మేలే గానీ, సరిగ్గా కావలసిన జూన్, జూలై నెలల్లో మబ్బులు కమ్మేస్తాయి. మబ్బులను దాటి చూడగల సెంటినెల్-1 ఉపగ్రహ రాడార్‌ను ఇలాంటి పొడి అడవుల్లో చిగురు గుర్తించడానికి వాడినవారున్నారా? కాలిన ప్రాంతాలను ముందే తొలగించాలా, లేక విడిగా విశ్లేషించాలా? ఈ అడవుల్లో చెట్లవారీగా చిగురు తేదీలు నమోదు చేసినవారుంటే, పోల్చి చూసుకోవడానికి ఆ వివరాలు పంచుకోగలరా?